స్కిజోఫ్రీనియా నుంచి కోలుకోవడం - మందుల పాత్ర

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట" అనే సామెత మీరు వినే ఉంటారు. వింటే నవ్వు వస్తుంది. కాని ఆ నవ్వు వెనక ఉన్న నమ్మకాన్ని గమనించండి. మతి చెడినవాడు తనకు నయమైందని చెప్పినా నమ్మనక్కరలేదని, ఒకసారి చెడిన మతి ఇక బాగుపడదని ఆ సామెత చెబుతోంది. ఇది ఎంతవరకు నిజం?

ఈ ప్రశ్న మీలో కొందరికి పరీక్ష కోసం మాత్రమే కాదు. మీ ఇంట్లోనో, బంధువుల్లోనో ఈ జబ్బు ఉన్నవారు ఉండవచ్చు. మీరే దాని నుంచి కోలుకుంటూ, మధ్యలో ఆగిన చదువును ఈ పుస్తకాలతో మళ్ళీ మొదలుపెట్టి ఉండవచ్చు. ఈ పాఠం చదివిన తరువాత స్కిజోఫ్రీనియా నుంచి కోలుకోవడం అంటే ఏమిటో, అందులో మందులు చేసే పని ఏమిటో, చేయలేని పని ఏమిటో మీరు వివరించగలుగుతారు.

జబ్బు లక్షణాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దాదాపు 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉంటుంది. మూడు వేల జనాభా ఉన్న ఊళ్ళో పదిమంది అన్నమాట. ఇది చదువుకున్నవారికీ చదువురానివారికీ, ఉన్నవారికీ లేనివారికీ వస్తుంది. మగవారిలో సాధారణంగా పద్దెనిమిది, పాతిక ఏళ్ళ మధ్య మొదలవుతుంది. ఆడవారిలో కొంచెం ఆలస్యంగా కనిపిస్తుంది. అంటే చదువు పూర్తయ్యే వేళకు, ఉద్యోగమో పెళ్ళో కుదిరే వేళకు వచ్చి పడుతుంది.

లక్షణాలు రెండు రకాలు. మొదటి రకం ఎవరికైనా ఇట్టే కనబడతాయి. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి. అవి చాలా సార్లు తిట్టేవిగానో, ఆజ్ఞాపించేవిగానో ఉంటాయి. ఇరుగుపొరుగు తనమీద కుట్ర చేస్తున్నారని, అన్నంలో విషం కలిపారని, తన ఆలోచనలు అందరికీ తెలిసిపోతున్నాయని గట్టి నమ్మకం కలుగుతుంది. ఎంత నచ్చజెప్పినా ఆ నమ్మకం కదలదు. మాటకు మాటకు పొంతన తప్పవచ్చు. రెండో రకం లక్షణాలు నెమ్మదిగా, చప్పుడు లేకుండా వస్తాయి. మనిషి మాట్లాడడం తగ్గిస్తాడు, స్నానం మానేస్తాడు, మూల కూర్చుంటాడు, దేనిమీదా ఆసక్తి చూపడు. ఇంట్లోవాళ్ళు దీన్ని సోమరితనం అనుకుంటారు. ఈ రెండో రకాన్ని గుర్తుంచుకోండి. మందుల గురించి చెప్పేటప్పుడు మళ్ళీ దీని ప్రస్తావన వస్తుంది.

సినిమాల్లో చూపినట్లు ఒక మనిషిలో ఇద్దరు మనుషులు ఉండడం స్కిజోఫ్రీనియా కాదు. అది గాలి, చేతబడి, గ్రహదోషం కూడా కాదు. తల్లి పెంపకంలో లోపంవల్ల వస్తుందని ఒకప్పుడు కొందరు పాశ్చాత్య వైద్యులే రాశారు. ఆ వాదం నిలవలేదు. వంశపారంపర్యానికి ఇందులో పాలు ఉంది. కాని అది ఒక్కటే కారణం కాదు. ఒకే రూపంలో ఉండే కవలల్లో ఒకరికి ఈ జబ్బు వచ్చినా, సగానికి పైగా సందర్భాల్లో రెండోవారికి రావడం లేదు. గర్భంలోనూ కాన్పు సమయంలోనూ వచ్చే చిక్కులు, చిన్న వయసులో గంజాయి వాడకం ప్రమాదాన్ని పెంచుతాయి.

నయం కాదని ఎందుకు అనుకున్నారు?

జర్మనీకి చెందిన ఎమిల్ క్రెపెలిన్ అనే వైద్యుడు 1890ల్లో ఈ జబ్బును వేరుగా గుర్తించి, 'చిన్న వయసులోనే వచ్చే మతిక్షీణత' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. రోగి స్థితి ఏటికేడు దిగజారుతుందనే భావం ఆ పేరులోనే ఉంది. స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1908లో దాన్ని మార్చి స్కిజోఫ్రీనియా అన్నాడు. పేరు మారింది గాని, నిరాశ చాలాకాలం పోలేదు.

ఒక చిన్న పోలిక చూద్దాం. రాత్రి పదకొండు గంటలకు మీరు బస్‌స్టాండుకు వెళ్ళారు. బెంచీలమీద కొందరు పడుకొని ఉన్నారు. వారిని మాత్రమే చూసి, "ఈ ఊరినుంచి బస్సులే పోవు" అని మీరు అనుకుంటే ఎలా ఉంటుంది? పగలంతా బస్సెక్కి వెళ్ళిపోయినవారు మీ కంటికి కనబడరు గదా! పెద్ద మానసిక వైద్యశాలల్లో పనిచేసిన వైద్యులకు జరిగింది ఇదే. బాగుపడినవారు ఇంటికి పోతారు, మళ్ళీ రారు. బాగుపడనివారే ఏళ్ళ తరబడి కళ్ళ ముందు ఉంటారు.

వెళ్ళిపోయినవారిని వెతికి పట్టుకొని చూసినప్పుడు సంగతి వేరుగా తేలింది. బ్లాయిలర్ కుమారుడు మాన్‌ఫ్రెడ్ బ్లాయిలర్ కూడా వైద్యుడే. 208 మంది రోగుల జీవితాలను దశాబ్దాలపాటు గమనించి 1972లో పుస్తకం ప్రచురించాడు. తండ్రి తరం అనుకున్నట్లు అందరూ దిగజారలేదని ఆయన చూపాడు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, ఇక బయటికి పోలేరని వదిలేసిన వార్డులనుంచి 1950ల్లో కొందరు రోగులను పునరావాస శిక్షణ ఇచ్చి ఇళ్ళకు పంపారు. సుమారు ముప్పై ఏళ్ళ తరువాత కోర్టెనే హార్డింగ్ బృందం వారిని వెతికింది. 1987లో వెలువడిన ఫలితాల ప్రకారం వారిలో సగంనుంచి మూడింట రెండు వంతులమంది కోలుకున్నారు, లేదా చెప్పుకోదగినంతగా మెరుగుపడ్డారు.

మన దేశం సంగతి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర తొమ్మిది దేశాల్లో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టింది. అందులో మన దేశం తరఫున ఆగ్రా ఉంది. రెండేళ్ళ తరువాత, అయిదేళ్ళ తరువాత చూస్తే, ఆగ్రాలోనూ నైజీరియాలోని ఇబాదాన్‌లోనూ ఉన్న రోగులు లండన్, వాషింగ్టన్ రోగులకంటే మెరుగ్గా ఉన్నారు. ఇది చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఉమ్మడి కుటుంబం, పొలం పనిలో ఏదో ఒక చోటు దొరకడం దీనికి కారణాలని అన్నారు. అయితే దీన్ని చదివి మనం మరీ మురిసిపోనక్కరలేదు. పేద దేశాల్లో ఫలితాలు ఎప్పుడూ మెరుగేనన్న మాటను 2008లో కొందరు పరిశోధకులు ప్రశ్నించారు. మద్రాసుకు చెందిన డాక్టర్ ఆర్. తారా వారిలో ఒకరు. వైద్యమే అందక కట్టేసిన గదుల్లో ఉన్నవారు ఇలాంటి లెక్కల్లోకి రారు.

ఆ డాక్టర్ తారా బృందమే 1980ల మొదట్లో మద్రాసులో, జబ్బు కొత్తగా మొదలైన 90 మందిని ఎంచుకొని గమనించడం ప్రారంభించింది. పదేళ్ళ తరువాత వారిలో 76 మంది వివరాలు దొరికాయి. ఎక్కువమందిలో లక్షణాలు బాగా తగ్గి ఉన్నాయి. మగవారిలో చాలామంది ఏదో ఒక పని చేసుకుంటున్నారు.

మరి వందలో ఎందరు కోలుకుంటారు? దీనికి ఒకే అంకె చెప్పలేం. 'కోలుకోవడం' అన్న మాటను ఎలా కొలుస్తామన్న దానిమీద అది ఆధారపడి ఉంటుంది. లక్షణాలు పోవాలి, పనీ సంబంధాలూ బాగుండాలి, కనీసం రెండేళ్ళు అలా నిలవాలి అని కఠినంగా కొలిచిన ఒక సమీక్ష 2013లో వచ్చింది. దాని ప్రకారం ఏడుగురిలో సుమారు ఒకరు కోలుకుంటారు. కనీసం ముగ్గురిలో ఒకరు పూర్తిగా కోలుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ రెంటికీ ఇవతల ఇంకో పెద్ద గుంపు ఉంది. కొన్ని లక్షణాలు మిగిలి ఉన్నా, ఇల్లు నడుపుకుంటూ, దుకాణంలో కూర్చుంటూ, పిల్లలను బడికి పంపుతూ బతికేవారు వీరు. చక్కెర వ్యాధి ఉన్నవాడు మాత్ర వేసుకొని పనికి పోతే అతన్ని రోగిష్ఠి అని మూలకు నెట్టం గదా! వీరిని కూడా కోలుకున్నవారిగానే చూడాలని మా అభిప్రాయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పెద్ద ఆసుపత్రుల వైద్యులకు ఈ జబ్బు నయం కానిదిగా ఎందుకు కనిపించింది? మీ మాటల్లో రాయండి.
2. సోమరితనంగా పొరబడే లక్షణాలు ఏవి?

మందులు ఎలా వచ్చాయి, ఏం చేస్తాయి?

మన దేశంలో సర్పగంధ వేరును మతి చెడినవారికి ఇవ్వడం పాత అలవాటు. కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లో దీని గురించి వైద్య పత్రికలో రాశారు. పిచ్చికీ, రక్తపోటుకూ ఇది పనిచేస్తుందని వారు చెప్పారు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరునుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. కొన్నేళ్ళు దాన్ని ప్రపంచమంతా వాడారు. అదే 1952లో పారిస్ వైద్యులు డిలే, డెనికర్ క్లోర్‌ప్రోమజైన్ అనే మందును రోగులకు ఇచ్చి చూశారు. అది రిసర్పిన్‌ను వెనక్కు నెట్టింది. తరువాత హాలోపెరిడాల్, ఆపైన రిస్పెరిడోన్, ఓలాంజపిన్ వంటివి వచ్చాయి.

మెదడులో ఒక కణంనుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనాలు ఉంటాయి. వాటిలో డోపమైన్ ఒకటి. ఈ జబ్బులో మెదడులోని కొన్ని చోట్ల డోపమైన్ పని మితిమీరుతుంది. మందు ఆ కబురు అందే చోటును కొంత మూసి ఉంచుతుంది. రేడియో శబ్దాన్ని తగ్గించినట్లు అనుకోవచ్చు. నిద్రలేమి, ఆందోళన కొద్ది రోజుల్లోనే తగ్గుతాయి. వినిపించే మాటలూ అనుమానాలూ తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి పనిచేయలేదని మార్చేయకూడదు. తగిన మోతాదులో నాలుగునుంచి ఆరు వారాలు చూడాలి.

రెండు రకాల మందులు వాడినా గుణం కనిపించనివారు కూడా ఉంటారు. వీరిలో కొందరికి క్లోజపిన్ పనిచేస్తుంది. ఇది అరుదుగా రక్తంలోని తెల్ల కణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. కాబట్టి దీన్ని వాడేవారు క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఇప్పుడు రెండో రకం లక్షణాలకు వద్దాం. మూల కూర్చోవడం, మాట తగ్గడం వంటి వాటిమీద ఈ మందుల ప్రభావం తక్కువ. కేకలు తగ్గాయి గాని మనిషిలో చలనం రాలేదని ఇంట్లోవాళ్ళు అనడానికి కారణం ఇదే. అక్కడ మాత్ర పని అయిపోయింది. తక్కిన పనికి వేరే సాధనాలు కావాలి.

బాగైన తరువాత కూడా మందు ఎందుకు?

ఒక ఉదాహరణ ఊహించుకోండి. దర్జీ దుకాణంలో పనిచేసే యువకుడు ఆరు నెలలు మందు వాడి కుదుటపడ్డాడు. ఒకరోజు తల్లితో, "అమ్మా, నాకు బాగానే ఉంది గదా, ఇంకా ఈ మాత్రలు ఎందుకు? ఒళ్ళంతా బరువుగా ఉంటోంది" అన్నాడు. ఆమె, "నీ ఇష్టం నాయనా, నువ్వు బాగుంటే చాలు" అంది. మాత్రలు మానేశాడు. వారం గడిచింది, ఏమీ కాలేదు. పైగా మగత పోయి హుషారు వచ్చింది. నెల గడిచింది. మందు అక్కరలేదని ఇంటిల్లిపాదీ తేల్చుకున్నారు. నాలుగో నెలలో నిద్ర తగ్గింది. అయిదో నెలలో, దుకాణం యజమాని తనను చంపిస్తాడని అతను పారిపోయాడు.

జబ్బు తిరగబెట్టడం మందు మానిన మర్నాడు జరగదు. వారాలూ నెలలూ పట్టవచ్చు. మధ్యలోని ఈ ఖాళీయే మనుషులను మోసగిస్తుంది. జ్వరం మాత్ర మానితే సాయంత్రానికి తెలుస్తుంది. ఇక్కడ అలా తెలియదు.

2012లో లాన్సెట్ అనే వైద్య పత్రిక 65 ప్రయోగాలను, సుమారు 6,500 మంది రోగుల వివరాలను కలిపి చూసిన ఒక సమీక్షను ప్రచురించింది. వీరు మందులతో కుదుటపడినవారు. కొందరికి మందు కొనసాగించారు. మిగిలినవారికి మందులాగే కనబడే ఉత్త మాత్ర ఇచ్చారు. ఏడాదిలో జబ్బు తిరగబెట్టినవారు మందు వాడినవారిలో నూటికి 27 మంది, ఉత్త మాత్ర వాడినవారిలో నూటికి 64 మంది.

ఈ అంకెలను కాగితంమీద రాసుకొని నిదానంగా చూడండి. మందు లేకపోయినా ఆ ఏడాది బాగున్నవారు 100 లోంచి 64 తీసేస్తే 36. మందు వేసుకున్నా తిరగబెట్టినవారు 27. మిగిలింది 37. ఆ ఏడాది మందు కాపాడింది సుమారుగా ఈ 37 మందిని. "మా పెదనాన్న కొడుకు మాత్రలు మానేసి నిక్షేపంగా ఉన్నాడు" అనేవారు అబద్ధం చెప్పడం లేదు, వారు చూసింది 36లో ఒకరిని. "మా వదిన మందులు మింగుతున్నా మళ్ళీ ఆసుపత్రిలో పడింది" అనేవారూ అబద్ధం చెప్పడం లేదు. చిక్కల్లా మీరు, లేదా మీవారు ఏ గుంపులో ఉన్నారో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేకపోవడమే. అందుకే మొదటిసారి జబ్బు వచ్చి తగ్గినప్పుడు సాధారణంగా కనీసం ఒకటి రెండేళ్ళు, పదేపదే తిరగబెట్టిన వారిని ఇంకా ఎక్కువ కాలం మందు వాడమంటారు.

అమెరికా గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ పేరు ఇక్కడ చాలామంది ఎత్తుతారు. 1994లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఆయన 1970 తరువాత మందులు వాడలేదు. 2001లో ఆయన జీవితంపై వచ్చిన సినిమాలో మాత్రం కొత్త మందులు వాడుతున్నట్లు ఆయన పాత్రచేత చెప్పించారు. చూసినవారు మందులు మానేస్తారేమోనని అలా మార్చారట. వాస్తవాన్ని దాచడం మాకు సరిగా తోచదు, మొత్తం చెప్పడమే మేలు. నాష్ కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. ఆ కాలమంతా ఆయన భార్య అలీసియా ఇంట్లో చోటిచ్చింది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం తన ఆవరణలో తిరగనిచ్చింది. ఈ నీడ అందరికీ దొరకదు.

మోతాదును నెమ్మదిగా తగ్గించి చూడవచ్చా? నెదర్లాండ్స్‌లో మొదటిసారి జబ్బు వచ్చినవారిపై చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2013లో వచ్చాయి. మందు తగ్గించినవారు ఏడేళ్ళ చివర ఎక్కువగా కోలుకొని ఉన్నారు. 2023లో ఇంగ్లండ్‌నుంచి వచ్చిన ఇంకో ప్రయోగంలో అలా జరగలేదు. పాతరోగులకు క్రమంగా తగ్గిస్తే, రెండేళ్ళలో తీవ్రంగా తిరగబెట్టినవారు నూటికి 25 మంది, తగ్గించనివారిలో 13 మంది. పైగా రోజువారీ జీవితంలో మెరుగూ కనబడలేదు. కాబట్టి తగ్గించడం గురించి వైద్యుడిని అడగడం మీ హక్కు. మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపడం మాత్రం ప్రమాదం.

మనుషులు మందు మానడానికి ముఖ్య కారణం దుష్ఫలితాలు. అది మొండితనం కాదు. పాత మందులతో చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరగడం ఉంటాయి. ఏళ్ళ తరువాత కొందరికి నోరు, నాలుక వాటంతట అవే కదులుతాయి. కొత్త మందుల్లో కొన్నిటితో బరువు, రక్తంలో చక్కెర పెరుగుతాయి. నెలసరి తప్పడం, దాంపత్యంలో ఇబ్బంది వంటివి సిగ్గువల్ల ఎవరూ చెప్పరు. చెప్పాలి. మోతాదు తగ్గించడానికీ, మందు మార్చడానికీ వీలుంటుంది. రోజూ మాత్ర గుర్తుండనివారికి రెండు మూడు వారాలకో, నెలకో ఒకసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఈ మందులకు సారాకు అలవాటు పడినట్లు ఎవరూ అలవాటు పడరు.

ఇల్లు, పని, పెళ్ళి

1950ల్లో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఒక పని చేశారు. రోగుల బంధువులను కూడా ఆవరణలో గుడారాలు వేసి ఉంచారు. జబ్బు గురించి వారికి చెప్పేవారు, సంరక్షణలో వారిని భాగం చేసేవారు. ఇంట్లో ఎడతెగకుండా తప్పులు పట్టడం, ద్వేషించడం, లేదా అతిగా వెంటబడి కాపలా కాయడం ఉంటే జబ్బు ఎక్కువగా తిరగబెడుతుందని తరువాత లండన్‌లో జార్జ్ బ్రౌన్ మొదలైనవారి పరిశోధనలు చూపాయి. చండీగఢ్ కుటుంబాల్లో ఇలాంటి విమర్శ లండన్‌లోకంటే తక్కువగా కనిపించింది. ఇది జబ్బుకు కారణం ఇల్లే అని చెప్పడం కాదు. "తిని కూర్చుంటున్నావు" అనే బదులు, "ఈ నాలుగు బిందెల నీళ్ళు తెచ్చిపెట్టు నాన్నా" అంటే పని జరుగుతుంది, మాటా దక్కుతుంది. రేపు ఆరు బిందెలు అనవచ్చు.

పనికి ఉన్న విలువ అంతా ఇంతా కాదు. మద్రాసులో డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ మందులతోపాటు వృత్తి శిక్షణనూ చేపట్టింది. గ్రామ కార్యకర్తలు ఇంటికి వెళ్ళి చూసుకునే పద్ధతిని తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మందితో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఆసుపత్రి వైద్యం మాత్రమే పొందినవారికంటే వీరు కొంత మెరుగయ్యారు. మెరుగు కొంచెమే, కాని మన పల్లెల్లో చేయగలిగిన పని అది.

పెళ్ళి విషయంలోనూ ఒక సామెత ఉంది. "పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు" అంటారు. ఇందులో రెండో సగాన్ని నమ్మి, జబ్బు దాచి పెళ్ళిచేసేవారు ఇంకా ఉన్నారు. పెళ్ళి మందు కాదు. కొత్త ఇంట్లో మాత్రలు దాచుకోలేక అమ్మాయి మానేస్తుంది, జబ్బు తిరగబెడుతుంది, పుట్టింటికి పంపేస్తారు. కోలుకున్నవారు పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లలను పెంచవచ్చు. విషయం రెండు వైపులా తెలిసి ఉండాలి, గర్భం గురించి ముందే వైద్యుడితో మాట్లాడాలి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో అగ్ని ప్రమాదం జరిగింది. గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పారిపోలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ప్రభుత్వ వైద్యం పొందడం హక్కుగా ప్రకటించింది. మీరు గుడికో దర్గాకో వెళ్ళి మొక్కుకోవడానికి ఈ పాఠం అడ్డు చెప్పదు. మాత్రలు మాత్రం వెంట తీసుకువెళ్ళండి.

హైదరాబాదు ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. జిల్లా ఆసుపత్రుల్లో, వైద్య కళాశాలల్లో కూడా మానసిక వైద్య విభాగాలు ఉంటాయి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబరు 14416. ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనే మాట రోగి నోట వస్తే, లేదా వినిపించే మాటలు తనకు గాని ఇతరులకు గాని హాని చేయమంటున్నాయని చెబితే, వాయిదా వేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

వైద్యుడి దగ్గరికి వెళ్ళేముందు ఒక కాగితంమీద రాసుకోండి: నిద్ర ఎన్ని గంటలు, ఏ మాత్రలు ఎన్ని రోజులు తప్పాయి, ఒంట్లో ఏ ఇబ్బంది ఉంది, కిందటిసారి తిరగబెట్టే ముందు మొదట కనబడిన గుర్తు ఏది. ఒకరికి అది నిద్ర తగ్గడం, ఇంకొకరికి తలుపులు పదేపదే గడియ వేయడం. ఈ చివరి సంగతి రోగి, ఇంట్లోవారు కలిసి కూర్చొని రాయాలి. ఒకరికి గుర్తులేనిది రెండోవారికి గుర్తుంటుంది.